ఒక్క రైఫిలే కొనాలంటే ఏ తూటా?

కంసాలి తక్కెడలో పాత లెక్క ప్రకారం తులం అంటే 11.66 గ్రాములు. ఇవాళ బజారు దాన్ని 10 గ్రాములకు సర్దుకుంది గానీ, 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. అమెరికాలో వేటకు వెళ్ళేవాళ్ళు తూటాల పెట్టె మీద చదివే బరువు కూడా గ్రెయిన్లలోనే ఉంటుంది. ఎల్క్ లాంటి పెద్ద జంతువుల వేటకు అక్కడ తరతరాలుగా వాడుతున్న .30-06 తూటాలో ఎక్కువమంది కోరుకునే బుల్లెట్ 180 గ్రెయిన్లది. సరిగ్గా మన పాత తులం. ఆ తులం ఎత్తు సీసం, రాగి సెకనుకు 2,700 అడుగుల వేగంతో గొట్టం దాటుతుంది.

ఇంత బరువూ ఇంత వేగమూ నిజంగా అవసరమా? తగ్గితే ఏమవుతుంది, పెరిగితే ఏం పోతుంది? డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడి, తోటి ఉద్యోగుల వెంట ఒకటి రెండుసార్లు వేటకు వెళ్ళొచ్చి, "ఒక్క రైఫిలే కొంటాను, అన్నిటికీ పనికొచ్చేది ఏది?" అని అడిగే మనవాళ్ళు ఉన్నారు. దుకాణంలో అడిగితే అమ్మేవాడికి నచ్చింది చెబుతాడు. అంకెలను అడిగితే వేరే జవాబు వస్తుంది.

"అన్నిటికీ" అంటే వేటికో ముందు తేల్చుకోవాలి. టెక్సాస్ హిల్ కంట్రీలో తెల్లతోక దుప్పి మగది 50, 60 కిలోలు తూగుతుంది. అదే కొండల్లో మన చుక్కల దుప్పి కూడా తిరుగుతోంది. 1932లో టెక్సాస్‌కు తెచ్చిన వాటి సంతానం కంచెలు దాటి అక్కడే స్థిరపడింది. వాటిలో మగది 70 నుంచి 90 కిలోలు. దక్షిణ టెక్సాస్ మైదానాల్లో మనుబోతు ఉంది, అదే నీల్గాయ్. పెద్ద మగది 250 కిలోలు దాటుతుంది. తోలు మందం, ఎముక గట్టి. తగలరాని చోట దెబ్బ తగిలినా పరుగు ఆపదని అక్కడి వేటగాళ్ళకు దానిమీద గౌరవం. ఇక కొలరాడో. అమెరికా రాష్ట్రాల్లో ఎల్క్‌లు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది అక్కడే. మగ ఎల్క్ 300 కిలోల పైమాటే, మన కణితి కంటే పెద్దది. అంటే ఒకే తూటా 50 కిలోల జంతువుకూ, దానికి ఆరింతలున్న జంతువుకూ సరిపోవాలి.

తర్వాత పేర్ల చిక్కు. తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి గుల్ల, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. "మందుగుండు" అనే మన మాటలోనే రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. క్యాలిబర్ అన్నది గొట్టం వ్యాసాన్ని, అంటే బుల్లెట్ మందాన్ని చెబుతుంది. ఆ గుండు వెనక ఎంత మందు ఉందో చెప్పదు. .30-30, .308, .30-06, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ — నాలుగింటి బుల్లెట్ వ్యాసమూ 0.308 అంగుళాలే. శక్తిలో మాత్రం మొదటిదానికీ చివరిదానికీ దాదాపు రెండింతల తేడా. పేరు పెట్టడంలో ఒక పద్ధతంటూ లేదు. .30-06 లో 06 అంటే అమెరికా సైన్యం దాన్ని స్వీకరించిన 1906. .30-30 లో రెండో 30 మందు బరువు, గ్రెయిన్లలో. .270 బుల్లెట్ అసలు వ్యాసం 0.277.

ఎన్‌కౌంటర్ వార్తలు చదివే మన పాఠకులకు ఒక పోలిక చెబితే సులువుగా అర్థమవుతుంది. ఏకే-47 తూటా 7.62×39. మన సైన్యం, పోలీసులు వాడిన ఎస్.ఎల్.ఆర్. తూటా 7.62×51. అమెరికా వాడి .30-06 మిల్లీమీటర్లలో 7.62×63. మూడింటి పేరులోనూ 7.62 ఉంది. రెండో అంకె గుల్ల పొడవు. గుల్ల 12 మిల్లీమీటర్లు పెరిగినప్పుడల్లా మందు పట్టే చోటు పెరుగుతుంది. మనం మాట్లాడుకోబోయే .308 విన్‌చెస్టర్, ఆ ఎస్.ఎల్.ఆర్. తూటాకు వేటలో కవల. ఇక్కడే ఒక హెచ్చరిక. బుల్లెట్ మందం ఒకటే కదా అని ఒకదాని తూటా మరో తుపాకీలో పెట్టకూడదు. గొట్టం మీద చెక్కిన పేరూ, పెట్టె మీది పేరూ, తూటా అడుగున ఉన్న పేరూ మూడూ కలిస్తేనే పెట్టాలి. తప్పు తూటా పేలిస్తే తుపాకీ చేతిలోనే పగలవచ్చు.

ఇప్పుడు శక్తి. అమెరికన్లు దీన్ని ఫుట్-పౌండ్లలో కొలుస్తారు. పౌను బరువును అడుగు ఎత్తు లేపడానికి పట్టే శక్తి ఒక ఫుట్-పౌండ్. బుల్లెట్ బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. గొట్టం మూతి దగ్గర కంపెనీలు ప్రకటించే మామూలు లెక్కలు ఇలా ఉంటాయి. .243 విన్‌చెస్టర్, 100 గ్రెయిన్ల బుల్లెట్: 1,945 ఫుట్-పౌండ్లు. 6.5 క్రీడ్‌మూర్, 143 గ్రెయిన్లు: 2,315. .308, 150 గ్రెయిన్లు: 2,648. .270, 130 గ్రెయిన్లు: 2,702. .30-06, మన తులం బుల్లెట్: 2,913. .300 విన్ మాగ్, అదే తులం: 3,501.

ఇక్కడ ఆగితే జవాబు తేలికే, పెద్ద అంకె ఉన్నది కొనేయడమే. దుకాణాల్లో చాలామంది ఆగేది ఇక్కడే. కానీ దుప్పి గొట్టం మూతి దగ్గర నిలబడదు. 100 గజాలు, 200 గజాలు, ఒక్కోసారి 300 గజాల దూరంలో ఉంటుంది (అమెరికా వాడి యార్డు మన గజమే, 3 అడుగులు). గాలి బుల్లెట్‌ను ఎంత నిలదీస్తుందో దాని ముక్కు ఆకారం నిర్ణయిస్తుంది. .30-06 లో మామూలు మెత్తముక్కు తులం బుల్లెట్ 300 గజాల దగ్గరికి చేరేసరికి 2,913 నుంచి 1,666కు పడిపోతుంది. 600 ఫుట్-పౌండ్లు వెనకబడి బయల్దేరిన 6.5 క్రీడ్‌మూర్ సన్నని పొడుగు బుల్లెట్ అదే దూరంలో 1,657 దగ్గర ఉంటుంది. దాదాపు సమానం. 400 గజాల దగ్గర తారుమారు: క్రీడ్‌మూర్ 1,475, .30-06 1,362. 2007లో వచ్చిన ఈ తూటాకు ఇంత పేరు రావడానికి అసలు కారణం ఇదే. అయితే ఆ ఘనత గుల్లది కాదు, బుల్లెట్ ఆకారానిది. అలాంటి సన్నముక్కు బుల్లెట్‌నే .30-06 లో పెడితే అది మళ్ళీ ముందుకు వస్తుంది. తూటా పేరు చూసి పోలికలు కట్టేవాళ్ళు మరచిపోయే సంగతి ఇదే.

ఎంత శక్తి చాలు? కొలరాడో చట్టం దీనికి ఒక అడుగు గీత గీసింది. రైఫిల్‌తో పెద్ద జంతువులను వేటాడాలంటే గొట్టం వ్యాసం కనీసం 0.24 అంగుళాలు ఉండాలి. దుప్పికి బుల్లెట్ 70 గ్రెయిన్లకు తగ్గకూడదు, ఎల్క్‌కు 85కు తగ్గకూడదు. తగలగానే విచ్చుకునే రకమే వాడాలి. 100 గజాల దగ్గర కనీసం 1,000 ఫుట్-పౌండ్ల శక్తి మిగలాలి. వేటగాళ్ళ నోటిలెక్క దీనికి కొంచెం పైన ఉంటుంది: జంతువును తాకే చోట దుప్పికి 1,000, ఎల్క్‌కు 1,500. ఈ నోటిలెక్క శాస్త్రం కాదు. జంతువును చంపేది ఫుట్-పౌండ్లు కావు, ఊపిరితిత్తులనూ గుండెనూ చీల్చుకుపోయే రంధ్రం. అయినా పోల్చి చూడడానికి గీత ఒకటి కావాలి కాబట్టి దీన్నే వాడదాం. ఈ లెక్కన .243 తెల్లతోక దుప్పికి 300 గజాల దాకా వస్తుంది (1,089), ఎల్క్‌కు 100 గజాలు దాటగానే చాలదు. .308 ఎల్క్‌కు 200 గజాల దగ్గర 1,705తో గట్టిగా నిలబడి, 300 దగ్గర 1,344కు జారుతుంది. .30-06, 6.5 రెండూ 300 దాటించి తెస్తాయి. .300 విన్ మాగ్ 400 గజాల దగ్గర కూడా 1,859.

నేల కూడా బుల్లెట్‌ను లాగుతూనే ఉంటుంది. 200 గజాలకు గురి సరిచేసుకున్న రైఫిళ్ళను 300 గజాల మీదికి ఎత్తితే, గురిపెట్టిన చోటికి ఎంత కిందికి తగులుతుందో చూడండి. .308, .30-06 సుమారు 9 అంగుళాలు, 6.5 సుమారు 8, .270, .300 విన్ మాగ్ సుమారు 7. పాత .30-30 ఏకంగా 17. మొదటి అయిదింటి మధ్య తేడా రెండంగుళాలు. మాగ్నమ్‌కు పెట్టే అదనపు డబ్బు, అదనపు మందు 300 గజాల దగ్గర కొనిపెట్టేది ఈ రెండంగుళాలను. అందులోనూ 1925లో వచ్చిన .270, మాగ్నమ్ కాకుండానే ఆ రెండంగుళాలూ ఇచ్చేసింది. 'అవుట్‌డోర్ లైఫ్' పత్రికలో జాక్ ఓ'కానర్ దశాబ్దాలపాటు దీన్ని ఊరికే వెనకేసుకు రాలేదు.

ఇక ఎవరూ కౌంటర్ మీద రాసిపెట్టని అంకె. రైఫిల్ వెనక్కి తన్నే శక్తి. బుల్లెట్ బరువు, వేగం, మందు బరువు, తుపాకీ బరువు తెలిస్తే దీన్ని కాగితం మీద లెక్కకట్టవచ్చు. 8 పౌన్ల (3.6 కిలోల) రైఫిల్‌కు నేను కట్టిన లెక్క ఇది: .243 కు సుమారు 8 లేదా 9 ఫుట్-పౌండ్లు, 6.5 క్రీడ్‌మూర్‌కు 12, .308 కు 15, .270 కు 15 పైచిలుకు, తులం బుల్లెట్‌తో .30-06 కు 20, .300 విన్ మాగ్‌కు 27. .308 నుంచి .300 విన్ మాగ్‌కు వెళ్తే మూతి దగ్గర శక్తి 32 శాతం పెరుగుతుంది. భుజం మీద తన్ను 80 శాతం పెరుగుతుంది.

భుజం నొప్పిని ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది మనసు నేర్చుకునే భయం. గట్టిగా తన్నే తుపాకీని పదిసార్లు కాల్చిన మనిషి పదకొండోసారి పేలకముందే కళ్ళు మూసి, భుజం ముందుకు తోసి, ట్రిగ్గర్‌ను గుంజుతాడు. తనకు తెలియదు. దీన్ని బయటపెట్టే పరీక్ష ఒకటుంది. పక్కవాళ్ళు మీకు కనబడకుండా కొన్నిసార్లు మంచి తూటా, కొన్నిసార్లు పేలని ఉత్తుత్తి తూటా పెట్టి ఇస్తారు. ఉత్తుత్తి తూటా వచ్చినప్పుడు గొట్టం మూతి ఎలా కిందికి కుంగుతుందో చూస్తే, 300 గజాల దుప్పి గాయంతో ఎందుకు పారిపోయిందో అర్థమవుతుంది. 100 గజాల దగ్గర 3 అంగుళాల మేర చెదిరే గుండ్లు 300 దగ్గర 9 అంగుళాలు చెదురుతాయి. తెల్లతోక దుప్పిలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న మేర సుమారు 8 అంగుళాలు. మాగ్నమ్ తెచ్చిపెట్టిన రెండంగుళాల లాభం ఈ చెదురులో మునిగిపోతుంది. తన్ను గురించి ఇంతగా చెప్పడానికి నాకు ఒకటే కారణం: గురి తప్పితే వేటగాడికి పోయేది ఒక తూటా, ఆ జంతువుకు మిగిలేది పొదల్లో రెండు రోజుల చావు.

శక్తి ఎక్కువైతే చాలదని 1946లోనే ఒకాయనకు అనుభవమైంది. జాన్ నోస్లర్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌తో మూస్ అనే భారీ జంతువును కొట్టాడు. ఒంటినిండా బురద గట్టిపడి ఉన్న ఆ జంతువు భుజం మీద బుల్లెట్లు పైపైనే పగిలి ఆగిపోయాయి, లోపలికి దిగలేదు. వేగం ఎక్కువై మెత్తని బుల్లెట్ చితికిపోయింది. ఇంటికొచ్చి ఆయన మధ్యలో రాగి మిశ్రమపు అడ్డుగోడ ఉన్న బుల్లెట్ తయారుచేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా దూసుకుపోతుంది. 1948లో 'పార్టిషన్' పేరుతో అమ్మకానికి పెట్టాడు, ఇప్పటికీ దొరుకుతుంది. తర్వాత పూర్తి రాగి బుల్లెట్లు కూడా వచ్చాయి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని గుండ్లే వాడాలి. మనుబోతు, ఎల్క్ లాంటి గట్టి జంతువులకు వెళ్ళేటప్పుడు పెద్ద తూటా కొనడం కంటే, ఉన్న తూటాలోనే ఇలాంటి గట్టి బుల్లెట్ పెట్టుకోవడం ఎక్కువ మేలు.

చిన్న తూటా ఎంత పని చేయగలదో మనకు తెలిసిన మనిషే చూపించాడు. చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ .275 రిగ్బీ. అది 1892 నాటి జర్మన్ 7×57 మౌసర్ తూటాకు ఇంగ్లీషు పేరు. ఇవాళ అమెరికా దుకాణంలో దాని వారసుడు 7ఎమ్ఎమ్-08 రెమింగ్టన్, .308 గుల్ల మూతిని బిగించి 1980లో తెచ్చినది. 140 గ్రెయిన్ల బుల్లెట్, 2,860 అడుగుల వేగం, తన్ను 13 ఫుట్-పౌండ్ల దగ్గర. సన్నగా ఉన్నవాళ్ళకూ, కొత్తవాళ్ళకూ నేను మొహమాటం లేకుండా చెప్పే తూటా ఇది. ఒక్కటే లోటు, చిన్న ఊళ్ళ దుకాణాల్లో .308 దొరికినంత తేలిగ్గా దొరకదు.

చివరికి పోటీ .308, .30-06 మధ్యే. .308ను విన్‌చెస్టర్ 1952లో బజారుకు తెచ్చింది. 1906 తర్వాత మందు తయారీ మెరుగైంది కాబట్టి, 12 మిల్లీమీటర్లు పొట్టి గుల్లలోనే దాదాపు అదే పని చేయించగలిగారు. ఒకే 150 గ్రెయిన్ల బుల్లెట్‌తో పోల్చితే .30-06 వేగం 2,910 అడుగులు, .308 ది 2,820. శక్తిలో తేడా 6 శాతం. తన్నులో తేడా సుమారు 20 శాతం. పొట్టి గుల్లకు పొట్టి యంత్రభాగం చాలు కాబట్టి రైఫిల్ కూడా కాస్త పొట్టిగా, తేలిగ్గా వస్తుంది. .30-06 నిజంగా పైచేయి అయ్యేది 180, 200 గ్రెయిన్ల బరువు బుల్లెట్లతో. అలాస్కా మూస్, గోధుమరంగు ఎలుగుబంటి మీ జాబితాలో ఉంటే ఆలోచించకుండా అదే కొనండి. టెక్సాస్ మంచె మీద నుంచి 100 గజాల దుప్పి, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కొలరాడో ఎల్క్, ఎప్పుడైనా మనుబోతు — ఇదీ మీ లెక్క అయితే అదనపు తన్నుకు ప్రతిఫలం దక్కదు.

కొనే ముందు చట్టం. ఇది మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ తీరుతుంది, తుపాకీ మాత్రం అల్మారాలోనే ఉంటుంది. వీసాతో ముడిపడిన విషయం కాబట్టి వకీలును అడగకుండా అడుగు వేయవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రాల నిబంధనలు వేరువేరు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళు వేట శిక్షణ పూర్తిచేయాలి. కొలరాడోలో రైఫిల్ వేటకు నడుం పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, తలమీద అదే రంగు టోపీ తప్పనిసరి. మీరు కొనే ప్రతి రైఫిల్ మీదా, తూటాల పెట్టె మీదా 11 శాతం ఫెడరల్ పన్ను ఉంటుంది. 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు రాష్ట్రాలకు వెళ్తుంది. ఇదంతా అక్కడి మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. టెక్సాస్‌లో ఏడాది పొడుగునా వేటాడనిచ్చే అదే చుక్కల దుప్పిని నల్లమలలో చంపితే జైలే.

నా తీర్పు .308 విన్‌చెస్టర్. దుప్పులకు 150 గ్రెయిన్లు, ఎల్క్‌కూ మనుబోతుకూ గట్టి బుల్లెట్ 165 లేదా 180 గ్రెయిన్లు. బుల్లెట్ బరువు మార్చినప్పుడల్లా గురి మళ్ళీ సరిచూసుకోవాలి. ఎల్క్ మీద 250 గజాలు దాటవద్దు. మాగ్నమ్ కొనకపోవడం వల్ల మిగిలిన డబ్బుతో 20 చొప్పున అయిదు పెట్టెలు కొని, సీజన్‌కు ముందే ఆ వంద తూటాలూ కాల్చండి. బల్ల మీద ఆనించి కాదు, మోకాలి మీద కూర్చుని, అడవిలో కూర్చునే తీరులో. 8 అంగుళాల కాగితపు పళ్ళెం ఒకటి గోడకు కట్టి, అయిదుకు అయిదు గుండ్లూ అందులో పడేది ఎంత దూరం దాకానో చూసుకోండి. ఆ దూరం 150 గజాలే అయితే, ఈ ఏడు 160 గజాల దగ్గర నిలబడిన దుప్పిని వదిలేయండి.